అక్కర్లేని పాలసీని ట్రస్టుకు రాసివ్వాలంటే

టీచరుగారూ, నమస్కారం.

మీరు అడిగింది ముందు నా మాటల్లో ఒకసారి చెబుతాను, చదివే మిగతావాళ్లకీ సంగతి అర్థమవుతుంది. మీరు వనస్థలిపురంలో ఉంటారు, వయసు 61. మీకూ మీవారికీ పెన్షన్లు వస్తున్నాయి. అబ్బాయి డల్లాస్‌లో, అమ్మాయి నిజాంపేటలో, ఇద్దరూ స్థిరపడ్డారు. మీ పేరు మీద రెండు పాలసీలున్నాయి. ఒకటి 5 లక్షల ఎండోమెంటు, అంటే గడువు దాకా ఉన్నా మధ్యలో పోయినా డబ్బొచ్చే రకం, 20 ఏళ్లది. ఏడాదికి 28 వేల చొప్పున 15 ఏళ్లు కట్టారు, ఇంకో ఐదేళ్లు మిగిలింది. రెండోది 2 లక్షల జీవన్ ఆనంద్. 2004లో తీసుకున్నారు, 2024లో మెచ్యూరై డబ్బు చేతికొచ్చింది, బాండు ఇంకా బీరువాలో ఉంది. ‘మాకిక ఈ ఇన్సూరెన్సులెందుకు, క్యాన్సర్ వచ్చిన పిల్లలకు వైద్యం చేయించే ట్రస్టుకు రాసిచ్చేద్దామనుకుంటున్నాం. అమెరికాలో పాలసీనే దానం చేసేస్తారని మా అబ్బాయి చెప్పాడు. ఇక్కడా కుదురుతుందా? పన్ను తగ్గుతుందా?’ అని మీ ప్రశ్న.

నేను 33 ఏళ్లు జీవిత బీమా బ్రాంచి ఆఫీసుల్లో పనిచేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం గడిచింది పాలసీ సర్వీసింగ్ సెక్షన్లోనే. అసైన్‌మెంట్లు, నామినేషన్ మార్పులు, లోన్లు, సరెండర్లు అన్నీ నా బల్ల మీదుగానే వెళ్లేవి. అందుకని కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

కుదురుతుంది. చట్టం ఒప్పుకుంటుంది. అయినా నా సలహా ఏమిటంటే, పాలసీని ఇవ్వకండి, దాని డబ్బు మీ చేతికొచ్చాక ఇవ్వండి. రెండూ ఒకటేగా అనిపిస్తుంది. ఎందుకు ఒకటి కాదో తెలియక నష్టపోయినవాళ్లని నేను దగ్గర్నుంచి చూశాను. అందులో మా ఇంటివాళ్లూ ఉన్నారు.

ముందు పాలసీని ఇవ్వడమంటే ఏమిటో చూద్దాం. బీమా చట్టం, 1938లో 38వ సెక్షన్ అసైన్‌మెంటు గురించి, 39వ సెక్షన్ నామినేషన్ గురించి చెబుతాయి. పాలసీని ఇంకొకరికి రాసివ్వడాన్నే అసైన్‌మెంటు అంటారు. అందులో ‘అబ్సొల్యూట్ అసైన్‌మెంటు’ అంటే పాలసీ మీద మీకున్న సర్వహక్కులూ అవతలివాళ్లకి వెళ్లిపోవడం. బాండు వెనకే ఎండార్స్‌మెంటుగా రాయొచ్చు, లేదా విడిగా దస్తావేజు రాసుకోవచ్చు. ఎవరికి ఇస్తున్నారు, ఎందుకు ఇస్తున్నారు, ఏ షరతుల మీద ఇస్తున్నారు అన్నది అందులో ఉండాలి. మీ సంతకం ఉండాలి, కనీసం ఒక సాక్షి సంతకం ఉండాలి. దాన్ని ఒరిజినల్ బాండుతో సహా బ్రాంచిలో ఇచ్చి, వాళ్లు రిజిస్టరు చేసుకుంటేనే కంపెనీ దాన్ని పట్టించుకుంటుంది. ఇంట్లో కాగితం మీద రాసి ట్రస్టువాళ్ల చేతిలో పెడితే సరిపోదు. పాలసీ మీద లోను ఉంటే ముందు అది తీర్చాలి. భార్యాపిల్లల పేరిట 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద భర్త తీసుకున్న పాలసీ అయితే అసలు రాసివ్వడానికే వీల్లేదు, అది అప్పటికే వాళ్ల కోసం పెట్టిన ట్రస్టు లెక్క. మీ రెండింటికీ ఆ ఇబ్బంది లేదు.

కంపెనీ కాదనవచ్చు కూడా. ఆ అసైన్‌మెంటు నిజాయితీగా చేసింది కాదనిపించినా, పాలసీదారు మేలుకు గానీ ప్రజల మేలుకు గానీ విరుద్ధమనిపించినా, పాలసీలతో వ్యాపారం చేయడానికనిపించినా నిరాకరించే అధికారం 2015 సవరణతో ఇచ్చారు. కాకపోతే కారణం రాసి 30 రోజుల్లో చెప్పాలి. మీకు అన్యాయమనిపిస్తే మరో 30 రోజుల్లో బీమా నియంత్రణ సంస్థకు, అంటే నానక్‌రామ్‌గూడలో ఉన్న ఐఆర్‌డీఏఐకి, అప్పీలు చేసుకోవచ్చు. నిజాయితీగా దానమిచ్చేవాళ్లకి అంతదాకా వెళ్లాల్సిన అవసరం అరుదు.

ఇక ఎక్కువమందికి తెలియని సంగతి. అసైన్‌మెంటు రిజిస్టరైన క్షణం నుంచి మీ నామినేషన్ రద్దయిపోతుంది. మీవారి పేరు నామినీగా ఉన్నా ఇక లేనట్టే. మీరు పోతే వచ్చే డబ్బే కాదు, మీరు బతికుండగా వచ్చే మెచ్యూరిటీ డబ్బు కూడా ట్రస్టుకే వెళ్తుంది. మనసు మారితే వెనక్కి తీసుకోవడానికి మీకు హక్కుండదు. ట్రస్టు తిరిగి మీకు అసైన్ చేస్తేనే వస్తుంది. ప్రీమియం నోటీసులు కూడా ఇక వాళ్ల అడ్రసుకే వెళ్తాయి.

ఈ చివరి మాట దగ్గరే మా మేనమామ సంగతి చెప్పాలి.

మామయ్యది 3 లక్షల పాలసీ, 25 ఏళ్లది. 11 ఏళ్లు కట్టాక, పిల్లలు ఉద్యోగాల్లో కుదురుకున్నారన్న ధైర్యంతో, ఒక అనాథ పిల్లల ఆశ్రమానికి రాసిచ్చేశాడు. అప్పుడు నేనున్న బ్రాంచిలోనే జరిగింది. బాండు వెనక ఆయన గుండ్రటి చేతిరాతతో రాసిన నాలుగు వాక్యాలు, కింద సాక్షి సంతకం, దాని పక్కన రిజిస్టరు చేసినట్టు మా ఆఫీసు ముద్ర, ఆ ముద్ర మీద నా సంతకం. ఆ కాగితం ఇప్పటికీ నా కళ్లముందుంది. మామయ్య బయటికొచ్చి, మెట్ల మీద నిలబడి, ‘ఒక మంచి పని అయిపోయిందిరా’ అన్నాడు.

మిగతా ప్రీమియం ట్రస్టు కట్టుకుంటుందని ఆయన అనుకున్నాడు. దాత కడతాడని వాళ్లు అనుకున్నారు. ఆ మాట ఎక్కడా రాసుకోలేదు. ట్రస్టు ఆఫీసు ఇంకో కాలనీకి మారింది, కార్యదర్శి మారాడు, నోటీసులు పాత అడ్రసుకే వెళ్తూ ఉన్నాయి. రెండేళ్ల తరువాత మాటల్లో మాటగా నేను చూస్తే ప్రీమియం కట్టక పాలసీ ఆగిపోయి, ల్యాప్స్ అయి ఉంది. అప్పటికే మామయ్యకు షుగరు, గుండెకు స్టెంటు. దాన్ని మళ్లీ నడిపించడానికి, అంటే రివైవల్‌కి, మెడికల్ రిపోర్టులు కావాలి, అవి గట్టెక్కలేదు. ఆయన పోయాక ట్రస్టుకి అందింది పెయిడప్ విలువ, అంటే కట్టిన ఏళ్లకు తగ్గ వాటా, 25లో 11 వంతుల లెక్కన 1 లక్షా 32 వేలు, దానికి అప్పటిదాకా చేరిన బోనసు. ప్రీమియం కట్టి ఉంటే 3 లక్షలూ పూర్తి బోనసూ వచ్చేవి.

అంతకన్నా బాధపెట్టింది అత్తయ్య. పన్నెండో రోజు అయ్యాక బీరువాలోంచి పాలసీ రసీదుల కట్ట తీసి నా చేతిలో పెట్టి, ‘ఇది ఎప్పుడొస్తుందిరా’ అని అడిగింది. ఆమెకు రాసిచ్చిన సంగతే తెలియదు. నేను చెప్పాక చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, ‘ఇస్తే ఇచ్చాడు, మంచిదే. నువ్వు అక్కడే కూర్చుని సంతకం పెట్టి కూడా నాకొక్క మాట చెప్పలేదేంరా?’ అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇవాళ్టికీ జవాబు లేదు. ఆ రోజు తరువాత నా బల్ల దగ్గరికి దానం కాగితంతో ఎవరొచ్చినా, ‘ఇంట్లో చెప్పారా అండీ’ అన్నదే నా మొదటి ప్రశ్న అయింది.

అందుకే మిమ్మల్నీ అడుగుతున్నాను. మీవారితో మాట్లాడారా? అమ్మాయితో మాట్లాడారా? ‘అక్కర్లేదు’ అన్నది మీరొక్కరే అనుకుంటే చాలదు. మీ తరువాత మీవారికి ఆయన పెన్షనూ ఉంటుంది, మీ మీద ఫ్యామిలీ పెన్షనూ వస్తుంది కాబట్టి నెలనెలా ఖర్చుకు లోటుండకపోవచ్చు. కానీ 70 దాటాక ఇంట్లో మనిషిని పెట్టుకోవాల్సి రావడం, కార్డు పరిధిలోకి రాని వైద్యం, ఐసీయూలో పది రోజులు ఇవి ఎలా ఉంటాయో హైదరాబాదులో ఉన్న మనకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. దానికోసం విడిగా డబ్బు పక్కన ఉంటేనే ఈ పాలసీ నిజంగా మిగులు. ఇంకో మాట. ఈమధ్య మీకు పెద్ద జబ్బేదైనా బయటపడి ఉంటే, ఏ పాలసీనీ ఇప్పుడు కదపకండి. ఆరోగ్యం తగ్గిన మనిషికి మళ్లీ ఆ కవరు ఏ కంపెనీ ఇవ్వదు, అప్పుడు చేతిలో ఉన్న పాత పాలసీ విలువ పెరుగుతుందే గానీ తగ్గదు.

ఇక ట్రస్టు వైపు నుంచి చూడండి. చాలా ట్రస్టులు పాలసీ అనగానే మొహమాటంగా నవ్వి ‘డబ్బే ఇవ్వండి సార్’ అంటాయి. అత్యాశ అనుకోకండి, దానికి కారణం ఉంది. పన్ను మినహాయింపు ఉన్న ధార్మిక ట్రస్టు తన సొమ్మును ఆదాయపు పన్ను చట్టంలోని 11(5) సెక్షన్ చెప్పిన రకాల్లోనే ఉంచాలి. బ్యాంకు డిపాజిట్లు, ప్రభుత్వ సెక్యూరిటీలు, స్థిరాస్తి లాంటివి ఆ జాబితాలో ఉంటాయి. ఆ జాబితాలో లేని వస్తువేదైనా దానంగా వస్తే, వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక ఏడాదిలోపు దాన్ని మార్చేసుకోవాలి. మీరు ఐదేళ్ల తరువాత మెచ్యూరయ్యే పాలసీ ఇస్తే వాళ్ల ఆడిటరు దాన్ని అన్నాళ్లు ఉంచుకోనివ్వడు. గడువుకు ముందే పాలసీ రద్దు చేసి వచ్చినంత తీసుకోమంటాడు, అదే సరెండర్. అంటే మీరు ఎంతో ఆలోచించి ఇచ్చినదాన్ని వాళ్లు తక్కువ ధరకు వదిలేసుకోవాల్సి వస్తుంది. పైగా పిల్లల మందుల కోసం వచ్చిన విరాళంలోంచి ప్రీమియం కట్టడం ఏ కమిటీకీ ఇష్టముండదు, ఉండకూడదు కూడా.

పన్ను విషయానికొస్తే, పాలసీని రాసిస్తే విరాళాలకిచ్చే 80జి సెక్షన్ మినహాయింపు రాదు. డబ్బు రూపంలో ఇచ్చిన విరాళానికే అది వర్తిస్తుంది, వస్తురూపంలో ఇచ్చినదానికి లేదు. డబ్బైనా 2,000 దాటి నగదుగా ఇస్తే లెక్కకు రాదు, చెక్కో ఆన్‌లైనో ఉండాలి. మామూలు ట్రస్టులకు ఇచ్చినదాంట్లో సగం, అదీ ఆదాయంలో 10 శాతం హద్దుకు లోబడి, పన్ను పడే ఆదాయంలోంచి తగ్గుతుంది. ట్రస్టు మీకు విరాళం సర్టిఫికెట్టు ఇవ్వాలి. (2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు వేరు, అందరి నోళ్లలో నలిగిన పాత నంబర్లతోనే రాస్తున్నాను.) ఇవన్నీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. కొత్త విధానంలో 80జి లేదు. మీరు కొత్త విధానంలో ఉండి, మీ పెన్షనూ వడ్డీలూ కలిపి ఏడాదికి 12 లక్షల లోపే ఉంటే, రిబేటు వల్ల అసలు కట్టాల్సిన పన్నే ఉండదు. లేని పన్నులో తగ్గేదేముంది? కాబట్టి టీచరుగారూ, మీ విషయంలో పన్ను ఆలోచన పక్కన పెట్టేయండి. ఇది ఇవ్వాలనిపించి ఇస్తున్నదే.

అబ్బాయి చెప్పింది తప్పేం కాదు. అమెరికాలో పాలసీ యాజమాన్యాన్ని స్వచ్ఛంద సంస్థకు మార్చి, దాని మీద పన్ను తగ్గించుకునే వీలు వాళ్ల చట్టంలో ఉంది. అది అక్కడి పాలసీకి, అక్కడ రిజిస్టరైన సంస్థకు. ఆ నియమాన్ని వనస్థలిపురానికి తెచ్చుకోలేం. ఇంకో జాగ్రత్త. ‘నేనూ కొంత పంపిస్తానమ్మా’ అని అబ్బాయి అంటే, ఆయన ఇంకా భారత పాస్‌పోర్టుతోనే ఉన్నాడా, అమెరికా పౌరసత్వం తీసుకున్నాడా అన్నది ముఖ్యం. అక్కడి పౌరుడైతే, తెలుగువాడైనా సరే, ఆయన పంపేది విదేశీ విరాళం కిందకి వస్తుంది. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి ఉన్న ట్రస్టే దాన్ని తీసుకోవాలి, అందుకు పెట్టిన ప్రత్యేక బ్యాంకు ఖాతాలోనే తీసుకోవాలి. మీ ఖాతాకు పంపించి మీ చేత ఇప్పించడం లాంటి అడ్డదారులు వద్దు, ట్రస్టు ఇబ్బందుల్లో పడుతుంది.

ఇప్పుడు మీ రెండు పాలసీలు.

ఎండోమెంటుతో మొదలుపెడతాను. మీ ముందు మూడు దారులున్నాయి. ఇప్పుడే సరెండర్ చేయడం, ప్రీమియం ఆపి పెయిడప్‌గా వదిలేయడం, ఐదేళ్లూ కట్టి పూర్తి చేయడం. మీ అసలు బోనసు అంకెలు మీ బ్రాంచిలోనే తెలుస్తాయి, లెక్క అర్థం కావడానికి మాత్రం హామీ మొత్తంలో వేయికి ఏడాదికి 40 రూపాయల బోనసు అనుకుందాం. 5 లక్షల మీద అది ఏడాదికి 20 వేలు. ఇప్పటికి చేరింది 3 లక్షలు. పెయిడప్ చేస్తే 20లో 15 వంతులు, అంటే 3 లక్షల 75 వేలు, దానికి ఆ 3 లక్షలు కలిపి 6 లక్షల 75 వేలు, అదీ మెచ్యూరిటీ నాడు. పూర్తిగా కడితే 5 లక్షలు, 4 లక్షల బోనసు, మొత్తం 9 లక్షలు. దీర్ఘకాలం నడిచిన పాలసీలకు చివర్లో అదనపు బోనసు ప్రకటిస్తే అది దీనికి పైన.

సరెండర్ చేస్తే ఇవాళ ఒక 4 లక్షల 70 వేలు వస్తాయనుకుందాం. ఆ డబ్బునీ, ఏటా మిగిలే 28 వేల ప్రీమియాన్నీ 7 శాతానికి డిపాజిట్ చేసుకుంటూ పోయినా ఐదేళ్లకు సుమారు 8 లక్షల 30 వేలవుతుంది. ఆ వడ్డీ మీ ఆదాయంలో కలుస్తుంది కూడా. పాలసీ మెచ్యూరిటీకి ఆ బాధ లేదు. మీ ప్రీమియం 5 లక్షల హామీ మొత్తంలో 6 శాతం కూడా లేదు కాబట్టి ఆదాయపు పన్ను చట్టం 10(10డి) సెక్షన్ కింద పన్ను పడదు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియాల మీద జీఎస్టీ తీసేశారు, ప్రతి రసీదు మీదా పడే ఆ కొంచెం కూడా తగ్గింది. మూడొంతులు దాటిన ఎండోమెంటుని సరెండర్ చేయడం సాధారణంగా నష్టం. మొదటి నాలుగైదేళ్లలో ఉన్న పాలసీ అయితే నేను వేరేగా చెప్పేవాణ్ని. బ్రాంచికి వెళ్లి సరెండర్ విలువ, పెయిడప్ విలువ, ఇప్పటిదాకా చేరిన బోనసు ఈ మూడూ కాగితం మీద రాయించుకుని రండి, నేను వేసిన అంకెల స్థానంలో అవి పెట్టుకుని చూడండి.

28 వేలు మీకు భారం కాకపోతే ఐదేళ్లూ కట్టండి. నామినేషన్ మీవారి పేరే ఉంచండి. 66వ ఏట డబ్బు మీ ఖాతాలో పడ్డాక, అప్పటి మీ ఆరోగ్యం, మీవారి ఆరోగ్యం చూసుకుని, ఎంత ఇవ్వగలరో అంత చెక్కు రాయండి. 9 లక్షల్లో 9 ఇచ్చినా, 5 ఇచ్చినా ఆ నిర్ణయం మీ చేతిలో ఉంటుంది. ఈలోగా ఏదైనా జరిగితే మీవారికి అందుతుంది.

మరి ఐదేళ్లు ఆగాలా, పిల్లలకు వైద్యం ఇవాళ కావాలి కదా అని మీకు అనిపిస్తుంది. నిజమే. రెడ్ హిల్స్‌లో ఎమ్ఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి గేటెదురుగా టీ బండి దగ్గర ఒక గంట నిలబడితే ఆదిలాబాదు నుంచి ఖమ్మం దాకా అన్ని యాసలూ వినిపిస్తాయి. ఒక చేత్తో ఫైలు, ఇంకో చేత్తో గుండు చేయించిన పిల్లాణ్ని పట్టుకుని, ఏ బస్సెక్కాలో అడుగుతూ ఉంటారు తల్లులు. అది చూశాక ఐదేళ్లు ఆగమనడం నాకూ కష్టమే. అందుకే ఇంకోటి చేయండి. ఇప్పటినుంచే ఏటా ఎంతో కొంత, 10 వేలైనా సరే, మీరనుకున్న ట్రస్టుకు ఇస్తూ ఉండండి. రసీదు సకాలంలో వస్తోందా, ఫోను చేస్తే మాట్లాడుతున్నారా, ఏడాదికొకసారి ఆడిట్ అయిన లెక్కలు అడిగితే చూపిస్తున్నారా అన్నది గమనించండి. ఐదేళ్లు అలా చూశాక పెద్ద మొత్తం ఎవరికివ్వాలో మిమ్మల్ని ఎవరూ అడగనక్కర్లేదు, ఎవరూ చెప్పనక్కర్లేదు. ట్రస్టు 80జి రిజిస్ట్రేషన్ ఇప్పుడు శాశ్వతం కాదు, గడువు తీరాక పునరుద్ధరించుకోవాలి. కాబట్టి గోడకు ఫ్రేము కట్టి పెట్టిన పాత ఉత్తర్వు చూసి నమ్మేయకుండా తాజాది అడగండి.

ఇక జీవన్ ఆనంద్. మీ ప్రశ్నలో మీరు దీన్ని అయిపోయిన పాలసీలా ఒక్క మాటలో దాటేశారు గానీ, నాకు మాత్రం అక్కడే ఆశ కలిగింది. చాలా ఇళ్లలో ఇదే పొరపాటు. మెచ్యూరిటీ డబ్బు రాగానే ‘అయిపోయింది’ అనుకుని బాండు చించేస్తారు, లేదా పాత పట్టుచీరల కింద మరిచిపోతారు. జీవన్ ఆనంద్ అలా అయిపోదు. మెచ్యూరిటీకి హామీ మొత్తం, బోనసు ఇచ్చాక కూడా, జీవితాంతం అదే హామీ మొత్తానికి కవరు కొనసాగుతుంది. రూపాయి ప్రీమియం కట్టక్కర్లేదు. మీరు ఎప్పుడు పోయినా, 75కో 95కో, ఆ 2 లక్షలు వస్తాయి. ల్యాప్స్ అయ్యే ప్రమాదమే లేదు. పిల్లలు స్థిరపడిన ఇంట్లో నిజంగా ‘అక్కర్లేని’ పాలసీ అంటే ఇదీ. మీ మనసులో ఉన్న దానానికి ఇంతకన్నా తగినది లేదు.

దీన్ని కూడా అసైన్ చేయకండి, ఇందాక చెప్పిన ఆడిటరు ఇబ్బంది దీనికీ ఉంటుంది. మీ తరువాత డబ్బు ట్రస్టుకు వెళ్లేలా ఏర్పాటు చేసుకోండి. అక్కడ నామినేషన్ సంగతి కాస్త జాగ్రత్తగా చూడాలి. 2015 సవరణ తరువాత నామినీ భర్తో, భార్యో, పిల్లలో, తల్లిదండ్రులో అయితే ఆ డబ్బు వాళ్లదే అన్నట్టు చట్టం చెబుతోంది. అంటే నామినీగా అమ్మాయి పేరుంచి, విల్లులో ‘ఆ డబ్బు ట్రస్టుకి’ అని రాస్తే రెండింటికీ చిక్కు పడుతుంది. రెండు మార్గాలున్నాయి. అమ్మాయి మీ మాట మీద నిలబడే మనిషని మీకు నమ్మకముంటే ఆమెనే నామినీగా ఉంచి, ‘ఈ 2 లక్షలు ఫలానా ట్రస్టుకు నా పేరున ఇవ్వు తల్లీ’ అని చెప్పి, ఒక ఉత్తరం రాసి బాండుతో కలిపి పెట్టండి. మన ఇళ్లలో చట్టం కన్నా ఆ ఉత్తరమే ఎక్కువసార్లు పనిచేయడం నేను చూశాను. అలా కాక కచ్చితంగా చట్టప్రకారమే జరగాలంటే, ఆ దగ్గరి బంధువుల జాబితాలో లేని మనిషిని, మీ తమ్ముణ్నో చెల్లెల్నో, నామినీగా మార్చండి. అలాంటి నామినీ డబ్బు అందుకునే మనిషి మాత్రమే, ఆ డబ్బు ఎవరికి చెందాలో విల్లు చెబుతుంది. విల్లులో ట్రస్టు రిజిస్టరైన పూర్తి పేరు, పాన్ నంబరు రాయండి. ‘క్యాన్సర్ పిల్లల ఆశ్రమం’ అని వాడుక పేరు రాస్తే రేపు ఇద్దరొచ్చి మాదంటే మాదంటారు. ఇద్దరు సాక్షులు ఉండాలి, వాళ్లు ఆ ట్రస్టుకు సంబంధించినవాళ్లు కాకపోతే మంచిది.

ఇది చదివే ముస్లిం సోదరులకు ఒక మాట. మీ విల్లు వారసుల ఒప్పుదల లేకుండా ఆస్తిలో మూడో వంతు దాటకూడదు కాబట్టి ఆ లెక్క చూసుకుని రాయండి. క్రైస్తవులు దానధర్మాలకు విల్లు రాయడం మీద పాత వారసత్వ చట్టంలో ఉన్న ఆంక్షను సుప్రీంకోర్టు 2003లోనే కొట్టేసింది, ఇంకా ఆ భయంతో ఆగుతున్నవాళ్లు ఆగనక్కర్లేదు.

టర్మ్ పాలసీ, అంటే గడువులోపు పోతేనే డబ్బొచ్చే పాలసీ, ఉన్నవాళ్లకు నా జవాబు చిన్నది. మామూలుగా దానికి సరెండర్ విలువ ఉండదు. అప్పులు తీరి, మీ మీద ఆధారపడినవాళ్లు లేక, ఆరోగ్యం బాగుంటే, ప్రీమియం ఆపేసి ఆ డబ్బే ఏటా విరాళంగా ఇవ్వడం మేలు.

ఒక హెచ్చరిక కూడా. ‘మీ పాలసీ మీద బోనసు ఆగి ఉంది, సరెండర్ చేసి సగం దానం చేస్తే మిగతాది విడుదలవుతుంది’ అంటూ పెద్దవాళ్లకు ఫోన్లు చేసేవాళ్లుంటారు. ఐఆర్‌డీఏఐ పేరు కూడా వాడుకుంటారు. ఆ సంస్థ పాలసీలు అమ్మదు, బోనసులు పంచదు, అలాంటి ఫోన్లు చేయదు. ఓటీపీ అడిగితే పెట్టేయండి.

మీరు ఈ వారం చేయాల్సింది ఇది. బీరువాలోంచి రెండు బాండ్లూ తీయండి. జీవన్ ఆనంద్ బాండు మీద ప్లాను నంబరు 149 అని ఉండాలి, చూడండి. రెండింటిలో నామినీగా ఎవరి పేరుందో చూడండి. 2004 నాటి నామినేషన్‌లో చాలామందికి తల్లి పేరో తండ్రి పేరో ఉంటుంది, వాళ్లు ఇప్పుడు లేకపోతే ముందు అది మార్పించాలి. అడ్రసు, ఫోను నంబరు, బ్యాంకు ఖాతా కూడా సరిచేయించండి. తరువాత ఒక ఆదివారం అమ్మాయిని భోజనానికి పిలిచి, అబ్బాయికి వీడియో కాల్ చేసి, మీవారిని పక్కన కూర్చోబెట్టుకుని, బాండ్లు బల్ల మీద పెట్టి చెప్పండి. ముఖ్యంగా ఆ జీవన్ ఆనంద్ బాండు ఎక్కడ పెట్టారో ముగ్గురికీ తెలియాలి. మీ తరువాత ఎవరో ఒకరు వెళ్లి చెబితే తప్ప ఆఫీసుకు తెలిసే దారి లేదు.

బ్రాంచిలో ఇచ్చిన మూడు అంకెలు, బాండు మీద నామినీ పేరు ఎవరిదో చూసి ఇక్కడే రాయండి. బోనసు లెక్క మళ్లీ వేసి చెబుతాను.